దేవదత్త అని రాయబోయిన బియ్యం

ఇవాళ చాండ్లర్‌లో అక్క ఇంట్లో ఉన్నది అమ్మ, భావన అక్క, పిస్కాటవే నుంచి వచ్చిన వీరభద్రం మామయ్య, ఊయలలో నెల నిండని పిల్లాడు, పురిటి సాయానికని అమ్మతో ఈ దేశం వచ్చిన నేను. ఉండాల్సిన తరాస్ బావ లేడు. బారసాలకని ఉక్రెయిన్ నుంచి పోలండ్ మీదుగా వస్తున్న వాళ్ళమ్మ కోసం ఎయిర్‌పోర్ట్‌కి వెళ్ళాడు. విమానం ఆలస్యమైంది.

పేరు ఎప్పుడో ఖాయమైంది. బొహ్దాన్. బావ తాతగారి పేరు. పోలండ్ వాళ్ళూ సెర్బియా వాళ్ళూ బొగ్దాన్ అంటారట. ఇంట్లో ముద్దుగా బొద్యా, దాన్కో. నాకు ఇంగ్లీషు అంతంతమాత్రమని బావ ఒక్కో ముక్కా నెమ్మదిగా చెప్పాడు. తన తండ్రి పేరును మనవడి చెవిలో తనే చెప్పాలని బావ వాళ్ళమ్మ అంత దూరం నుంచి వస్తోంది.

"ముహూర్తం దాటిపోతోంది. తండ్రి లేకపోతే నేను రాస్తా," అని మామయ్య బియ్యం పళ్ళెం ముందుకు లాక్కున్నాడు. "ఏంటమ్మా ఆ పేరు? బొగ్గుల డబ్బానా?"

అమ్మ నవ్వింది. అక్క కూడా నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. పెద్దవాళ్ళ ముందు ఎన్నడూ విప్పని నోరు విప్పాను.

"బొహ్ అంటే దేవుడు మామయ్యా. దాన్ అంటే ఇచ్చినది. దేవుడిచ్చినవాడని అర్థం."

"మరి ముందే చెప్పవేం? దేవదత్త. శుభ్రంగా మన పేరే. అర్థం అదే అయినప్పుడు అల్లుడు మాత్రం ఏమంటాడు?"

"మీ పేరుకి అర్థం వెతికి వేరే పేరుతో పిలిస్తే పలుకుతారా మామయ్యా?"

"దీనికి నోరు కూడా ఉందే," అన్నాడు అమ్మతో.

అక్క వైపు చూశాను. "బర్త్ సర్టిఫికెట్‌లో బొహ్దానే ఉంది కదే. ఇది జస్ట్ రిచువల్. ఇష్యూ చేయకు," అంది.

"ఆవిడ వస్తున్నది ఆ రిచువల్‌కే కదక్కా."

అక్క పిల్లాడి దుప్పటి సర్దుతూ కూర్చుంది.

మామయ్య ఉంగరంతో రాయడం మొదలుపెట్టాడు. నేను చెప్పిన అర్థంతోనే ఆ పేరు చెరిపేస్తున్నాడు. 'దేవ' దాకా రాగానే పళ్ళెంలో చెయ్యి పెట్టి బియ్యమంతా కలిపేశాను.

అమ్మ నా రెక్క పట్టుకుని గదిలోకి తోసింది. "నువ్వెవరి వైపే?"

అప్పుడే గరాజ్ తలుపు లేస్తున్న చప్పుడైంది.

"వాళ్ళొచ్చేశారమ్మా. ఒక్క నిమిషం ఆగమను."

అమ్మ కూడా విన్నది. వెనక్కి తిరిగి, "అన్నయ్యా, తొందరగా చెవిలో చెప్పెయ్," అని నా మొహం మీదే తలుపు మూసేసింది.