ఉర్దూ బడికి వెళ్లిన జట్కా పరదా

నేను ఒక పరదాను. పరదా అనగానే ఫ్యాను గాలికి ఎగిరిపడే పూలపూల గుడ్డ అనుకునేరు. నాది ముతక నూలు, రెండు పొరలు వేసి కుట్టిన ఒళ్లు. మిట్టమధ్యాహ్నం ఎండకు ఎదురుగా కట్టినా నాలోంచి ఎవరి నీడా కనిపించదు. గొప్పలు చెప్పుకుంటున్నాననుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

నంద్యాలలో జట్కా తోలే పీరాసాహెబు నన్ను కుట్టించాడు. పెద్దిళ్ల గోషా స్త్రీలు బండెక్కితే వెనకవైపు నన్ను దించేవాడు. చిత్రమేమిటంటే, పీరాసాహెబు భార్య ఒక్కనాడూ ఆ జట్కా ఎక్కలేదు. బజారుకైనా, కాన్పుకైనా నడిచే వెళ్లింది. మనుషుల మర్యాదలు నాకు ఎప్పటికీ అర్థం కావు.

ఆటోలు వచ్చాక గుర్రమూ పోయింది, బండీ పోయింది. నన్ను మాత్రం పీరాసాహెబు కోడలు కాశింబీ పడకగది గుమ్మానికి వేలాడదీసింది. ఇప్పుడు ఆమెకూ అరవై దాటాయి, ఇంటికి మాబున్నీ అనే కోడలూ వచ్చింది.

ఆ మాబున్నీ మూడు నెలలుగా రోజూ నా వెనక నిలబడి, ఎడమ రొమ్ములో శనగగింజంత గడ్డను వేలితో తడిమి చూసుకునేది. కరిగిపోయిందేమోనని ఆశ. అది అక్కడే ఉండేది. వెంటనే కొంగు సర్దుకుని, ఏమీ ఎరగనట్టు పొయ్యి దగ్గరికి పోయేది. మొగుడికి చెప్పలేదు, అత్తకు చెప్పలేదు. తెలిసింది నా ఒక్కదానికే. ఆ మూడు నెలలు నాకు ప్రాణం ప్రాణంలో లేదు.

ఇంతలో వీధిలోని ఉర్దూ బడిలో ఆడవాళ్లకు క్యాన్సర్ పరీక్షలు చేస్తారని నర్సమ్మ ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. "అందరం ఆడోళ్లమే. మగపురుగు కూడా ఉండదు" అని మాటిచ్చింది.

"నాకేం లేదత్తా, నువ్వు పోయిరా" అంది మాబున్నీ.

"ఏం లేనోళ్లే పోవల్లంట. లెయ్" అని కాశింబీ చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది.

తర్వాతి సంగతి కాశింబీ వందసార్లు చెప్పగా విన్నాను. క్యాంపు వాళ్లు అన్నీ జాగ్రత్తగానే చేశారట, బడి ప్యూనును కూడా బయటికి పంపేశారట. కానీ పలచటి ఆకుపచ్చ గుడ్డను తెచ్చి సరిగ్గా తూర్పు కిటికీ ముందు కట్టారు. మొదటి మనిషి రవికె విప్పబోయిందో లేదో, ఆమె నీడ తోలుబొమ్మలాటలోలాగా గుడ్డ మీద నిలువెత్తున పడింది. చూసేది ఆడవాళ్లే కావచ్చు, కానీ రేపు కుళాయి దగ్గర ఎదురుపడాల్సిన వాళ్లు! బెంచీల మీద ఉన్న ఇరవైమందీ ఒక్కసారి లేచారు. అందరికంటే ముందు చెప్పులేసుకున్నది మా మాబున్నీ.

"పది నిమిషాలు ఉండండే! ఎవరన్నా కదిలితే ఇంటికొచ్చి ఈడ్చుకొస్తా" అని కేకేసి, కాశింబీ ఇంటికి పరుగెత్తుకొచ్చింది. మోకాళ్ల నొప్పులు ఎటు పోయాయో తెలియదు. నన్ను కడ్డీతో సహా ఊడబెరికి తీసుకెళ్లింది. బడిలో నన్ను కట్టగానే తానే ముందుగా నా వెనక్కి వెళ్లి అరిచింది.

"ఏమే, కనపడతాండానా?"

"లేదు ఖాలా!"

ఆడవాళ్లంతా నవ్వుతూ మళ్లీ కూర్చున్నారు. తన పరీక్ష కాగానే కాశింబీ బయటికొచ్చి కోడలిని లోపలికి తోసింది. డాక్టరమ్మ చెయ్యి ఒకచోట ఆగింది.

"ఇది ఎన్నాళ్లుగా ఉందమ్మా?"

"మూడు నెల్లు."

మెల్లగానే అంది. కానీ నేను చూపుకే అడ్డం, మాటకు కాదు. బయట నా అంచు పట్టుకుని నిలుచున్న కాశింబీ వేళ్లు బిగుసుకున్నాయి. "నాతోనన్నా చెప్పకపోతివే పిల్లా" అని గొణిగింది. తిట్టలేదు. నాకే సిగ్గేసింది, ఇన్నాళ్లూ దాచుకోవడానికి చోటిచ్చింది నేనే కదా.

కర్నూలుకు పంపారు. స్కానింగు, సూది పరీక్ష అయ్యాయి. ఫలితానికి పదకొండు రోజులన్నారు. ఆ పదకొండు రోజులూ కాశింబీ నమాజు చేసుకునే జానమాజు మీంచి లేచింది తక్కువ. కూరలో ఉప్పుందో లేదో ఎవరూ అడగలేదు.

పన్నెండో నాడు మాబున్నీ గుమ్మంలోంచే చెప్పింది. "క్యాన్సర్ కాదంట అత్తా! ఉత్త గడ్డంట. ఆర్నెల్లకు మళ్లా చూపించుకోమన్యారు."

"కాదంటే కాదేనా?" అని కాశింబీ మూడుసార్లు అడిగింది. మూడోసారి జవాబు వినకుండానే కోడలిని కావలించుకుని ఏడ్చేసింది. అమ్మయ్య! నా ఒంట్లో ప్రతి పోగూ వదులైంది.

ఆ సాయంత్రం మాబున్నీ బనగానపల్లెలో ఉన్న చెల్లెలికి ఫోను చేసింది. జరిగిందంతా చెప్పి, ఊరికే అన్నట్టు అడిగింది. "నీకు అట్లాంటిదేమన్నా ఉందామ్మీ?"

"నీకెవరు చెప్పినారక్కా?" అంది అవతలినుంచి చెల్లెలు.

"భయపడాకు" అంది మాబున్నీ. "పొద్దున బస్సుకే వస్తాండా, ఇద్దరం ఆస్పత్రికి పోదాం. ఆడ అడ్డం లేదంటే మా ఇంట్లో పరదా ఉంది."

ఫోను పెట్టేసి, కడ్డీ మీంచి నన్ను దించి మడతపెట్టింది.