మూడో చరణం

రాయపూర్ తెలుగు సంఘంలో ప్రకాశం మూడో చరణం గురించి తెలియనివాళ్లు లేరు. తెలుగువాళ్లకు సొంత చర్చి లేదు. తెలీబంధా దగ్గర హిందీవాళ్ల చర్చిలోనే ఆదివారం పొద్దున్నే తెలుగు ఆరాధన, అది ముగియగానే హిందీ ఆరాధన. అందుకని తెలుగు పాస్టర్లకు ఎప్పుడూ ఒక కన్ను గడియారం మీదే ఉంటుంది. ప్రసంగం తగ్గించడానికి ఏ పాస్టరుకీ మనసు ఒప్పదు కాబట్టి కత్తెర పాటల మీద పడుతుంది. ఒకటో చరణం, రెండో చరణం, ఆమెన్. పాట ఎత్తేది ప్రకాశమైతే మాత్రం ఆ పప్పులు ఉడకవు. పాస్టరుగారు పుస్తకం మూసేస్తున్నా సరే, ఆయన కళ్లు మూసుకుని మూడో చరణం అందుకునేవాడు. ఇక చేసేదేముంది, సంఘమంతా వెనకాల వెళ్లాల్సిందే. వరండాలో చెప్పులు విప్పుకుంటూ, అంకుల్ మూడోది ఇంకా మిగిలే ఉందని హిందీవాళ్లు నవ్వుకునేవాళ్లు. “రుకో భయ్యా, అంకుల్‌కా తీస్రా బాకీ హై.”

ప్రకాశం గూడ్సు బండి గార్డుగా పనిచేసి రిటైరయ్యాడు. బండి చివర బ్రేక్ వ్యాన్‌లో గార్డుకి తోడెవరూ ఉండరు. ముందు బొగ్గు వ్యాగన్లు, వెనక పట్టాలు, నడుమ తనూ, తన పాటలూ. కీర్తనలన్నీ ఆఖరి చరణం దాకా ఆయనకు కంఠతా వచ్చింది అక్కడే. తొందరేముందని ఆపుతాడు మరి!

ఆయన భార్య లీలావతి గొంతు సంగతి వేరు. పెళ్లయిన కొత్తలో నర్సాపురం చర్చిలో పక్కపక్కన నిలబడి పాడుతుంటే ప్రకాశం ఆమె చెవిలో, “నువ్వు మనసులో పాడుకో లీలా, దేవుడికి అదీ వినపడుద్ది” అన్నాడు. ఆ మాటకు ఆమె వారం రోజులు ముఖం మాడ్చుకుంది గానీ, అందులో నిజం లేదని మాత్రం అనలేకపోయింది. అప్పట్నుంచీ చర్చిలో పెదాలు కదుపుతుందే తప్ప శబ్దం బయటికి రానివ్వదు. పాట ఆయన వంతు, ప్రార్థన ఆమె వంతు. ప్రార్థనలో ఆమెకు మొహమాటం లేదు. శాస్త్రి మార్కెట్లో వంకాయల దగ్గర బేరమాడినట్టే దేవుడి దగ్గరా ఆడుతుంది. అడిగింది ఇచ్చేదాకా అక్కణ్ణించి కదలదు.

ఒక డిసెంబరులో గడ్డం గీసుకుంటుంటే ప్రకాశం చేతికి మెడ కింద చిన్న గడ్డ తగిలింది. కూతురు హెలెన్ నయా రాయపూర్‌లో ఒక ఆసుపత్రిలో నర్సు. తడిమి చూసి, వెంటనే తండ్రిని పరీక్షలకు తీసుకెళ్లింది. థైరాయిడ్ గడ్డ, మంచిది కాదు, కోసి తీసేయాలన్నారు.

జనవరి ఒకటిన ఆరాధనలో వాగ్దాన కార్డులు పంచారు. పళ్లెంలో బోర్లా పెట్టిన కార్డుల్లోంచి ఇంటికొకటి తీసుకుంటారు. అందులో ఏ వాక్యం వస్తే అది ఆ ఏడాదికి ఆ ఇంటికి దేవుడు చెప్పిన మాట. లీలావతి కళ్లు మూసుకుని తీసిన కార్డులో స్వస్థత గురించిన వాక్యం వచ్చింది. ఆమెకు ఏడుపు ఆగలేదు. ఇంటికొచ్చి ఆ కార్డును క్యాలెండరు మేకుకి, అందరికీ కనపడేలా తగిలించింది.

ఆపరేషన్‌కు ముందు ఆదివారం, ప్రార్థన మనవులు చెప్పుకునే వేళ ఆమె లేచి నిలబడింది.

“ఈస్టరు తర్వాత శనివారం మా ఇంట్లో కృతజ్ఞత కూడిక అండీ. అందరూ భోజనానికి వచ్చెయ్యాలి. ఆ రోజు పాట ఈయనే ఎత్తుతారు.”

పాస్టరు విజయ్ కుర్రవాడు, నెమ్మదైనవాడు. “అమ్మగారూ, ఆపరేషన్ అయ్యాక పెట్టుకుందామేమో” అన్నాడు.

“అయ్యాక పెడితే కృతజ్ఞత అవుద్ది గానీ విశ్వాసం ఎలాగవుద్ది అయ్యగారూ?”

చర్చిలో హల్లెలూయలు మోగాయి. ప్రకాశం మాత్రం తన కాలి వేళ్లకేసి చూసుకుంటూ కూర్చున్నాడు. మర్నాడే లీలావతి అభన్‌పూర్‌లో ఉండే వంటలు చేసే పరదేశికి ఫోన్ చేసి చికెన్ పలావు చెప్పేసింది.

ఆపరేషన్ జరిగింది. డాక్టరు బయటికొచ్చి తల్లీకూతుళ్లను కూర్చోబెట్టి చెప్పాడు. గడ్డ మొత్తం తీసేశాం, ప్రాణానికి భయం లేదు. కానీ గొంతు ఆడించే నరానికి అది అంటుకుపోయింది, నరాన్ని కూడా కొయ్యాల్సి వచ్చింది. మాట వస్తుంది గానీ గాలిలా వస్తుంది. పాట మాత్రం కష్టం. హెలెన్ తలూపింది. లీలావతి సగమే విన్నది.

“ఈస్టరుకి వచ్చేత్తాదిలే” అంది.

“అమ్మా, నాన్న బతికారు. బస్, అదే చాలు.”

“బతికుంటే చాలని నేనడగలేదే! కార్డు చూశావుగా?”

ఇంటికొచ్చాక మిరియాల పాలు, తేనె, అల్లం కషాయం, ఒకటి కాదు. రోజూ పొద్దున్నే భర్త ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చునేది. “ఏదీ, ఒక్కసారి స్తోత్రం అనండి.” ప్రకాశం బుద్ధిమంతుడిలా అనేవాడు. గాలి వచ్చేది. ఆ గాలిలో ఎక్కడో ఒక అక్షరం. “నిన్నటికంటే నయం” అని ఆమె లేచిపోయేది. అదే మాట పొద్దుపొద్దునా అంటుంటే ఆమెకే గుండె కలుక్కుమనేది, అయినా మానలేదు.

గొంతు పెద్దది చెయ్యలేక ప్రకాశం పాత ఉద్యోగాన్ని ఇంట్లోకి తెచ్చాడు. రెండు చేతులూ పైకెత్తితే బండి ఆపమని, అంటే కాఫీలో చక్కెర ఎక్కువైందని. చెయ్యి పైకెత్తి నెమ్మదిగా ఊపితే అంతా సరే, బండి కదలొచ్చని. లీలావతి కూరలకు బయల్దేరితే గేటు దగ్గర నిలబడి చెయ్యి ఊపేవాడు. పక్కింటి చిన్నమ్మ చూసి పడీపడీ నవ్వేది. శ్రీకాకుళం నుంచి వచ్చిన రైల్వే కుటుంబం వాళ్లది, ఇంటినిండా దేవుడి పటాలే. అయినా ప్రకాశం పాటంటే ఆమెకు ప్రాణం.

“ఏటి లీలావతమ్మా, మా దేవుడికి కూడా ఒక మాట సెప్పేను గదా, ఏటీ అవదేటి?” అని ఆవిడా బాధపడింది.

చర్చిలో ఇప్పుడు ఎవరో ఒకరు ఫోన్లో చూసుకుంటూ పాట ఎత్తుతున్నారు. రెండు చరణాలు, ఆమెన్. ఆరాధన వేళకు ముగుస్తోంది. వరండాలో హిందీవాళ్లు ఇప్పుడు నవ్వడం లేదు. “అంకుల్ ఠీక్ హై నా?” అని అడుగుతున్నారు.

ఈస్టరుకి ముందొచ్చే మట్టల ఆదివారం నాడు సంఘ పెద్ద అచ్చయ్య లీలావతిని ఆపాడు. “చెల్లెమ్మా, అనకూడదు గానీ ఎక్కడో విశ్వాసం కొదువైనట్టుంది. ఉపవాసం పెంచి చూడు” అన్నాడు. ఆమె ఇంటికొచ్చి గిన్నెలన్నీ చప్పుడు చేస్తూ తోమింది. అచ్చయ్య మీద మండిపడాలని మనసు ఎంత కోరినా, ఇతరుల కష్టాలకు తానూ లోలోపల ఇదే లెక్క వేసేదని గుర్తొచ్చి ఆ మంట కాస్తా ఆరిపోయింది. చేతులు తుడుచుకుని మేకుకున్న కార్డు తీసి సొరుగులో పడేసింది. ఆ రోజునుంచి దేవుడితో మాటలు మానేసింది. మొగుడి మీద అలిగినప్పుడు ఎలాగో అలాగే. వంట మానలేదు, చర్చి మానలేదు, మాటలే మానేసింది.

ఈస్టరు కూడా వెళ్లిపోయింది. పరదేశి ఫోన్ చేశాడు. “అక్కా, శనివారం గిన్నెలు పొద్దున్నే దింపెయ్యమంటావా?”

“వద్దు పరదేశీ. కూడిక లేదు.”

ఎదురుగా కూర్చున్న ప్రకాశం రెండు చేతులూ పైకెత్తాడు. బండి ఆపేయమని. ఆమె ఫోన్ పక్కన పెట్టింది.

“ఏంటండీ? ఏ మొహం పెట్టుకుని పిలవమంటారు జనాన్ని? దేవుడు ఏం చేశాడని సాక్ష్యం చెప్పమంటారు?”

ఆయన దగ్గరికి జరిగి కూర్చున్నాడు. ఒక్కో మాటకీ ఊపిరి తీసుకుంటూ చెప్పాడు. “కూడిక... నా గొంతుకి పెట్టావా? దేవుడికి పెట్టావా?”

“రెండిటికీ పెట్టాను!” లీలావతి అరిచింది. “రెండూ ఒకటే అనుకున్నాను నేను. మీకు కోపం రాదా అసలు? ఇన్నేళ్లు ఆయన పాటే పాడారు కదా, ఊరూరా బండెనక కూర్చుని! తీసుకునేవాడు ఇంకేదన్నా తీసుకోకూడదా, కాలో చెయ్యో. గొంతే కావాలా?”

ప్రకాశానికి కళ్లలో నీళ్లు తిరిగాయి. “ఏడ్చాను” అన్నాడు. “ఆసుపత్రిలో. ఆయన దగ్గరే ఏడ్చాను. ఇంకెవరి దగ్గర... ఏడుస్తాను లీలా?”

 లీలావతి పరదేశికి మళ్లీ ఫోన్ చేసి, “పొద్దున్నే దింపెయ్” అని మాత్రం చెప్పింది. ఒప్పుకుని కాదు, పోట్లాడే ఓపిక లేక.

మర్నాడు తెల్లవారుతుండగా పాల ప్యాకెట్లకు లేచిన లీలావతికి వరండాలో ఆయన కనిపించాడు. రోజూ తెలీబంధా చెరువు గట్టున మెరైన్ డ్రైవ్ దాకా నడిచొచ్చే అలవాటు ఆయనకు, బయల్దేరే ముందు ఇలా కాసేపు కూర్చుంటాడు. ఆమె పిలవబోయి ఆగింది. ప్రకాశం కళ్లు మూసుకుని తొడ మీద తాళం వేస్తున్నాడు. పెదాలు కదులుతున్నాయి. శబ్దం లేదు, ఊపిరి మాత్రం ఉంది. ఇన్నేళ్లుగా ఆయన పక్కన పెదాలే కదిపిన మనిషి ఆమె, ఆ కదలికను బట్టే పాట పోల్చుకుంది. పల్లవి, ఒకటో చరణం, రెండో చరణం. అక్కడ ఆయన ఊపిరి అందక ఆగాడు. అయిపోయిందనుకుంది. ఆయన రొమ్ము పట్టుకుని కాసేపు దగ్గి, గుక్కెడు నీళ్లు తాగి, మళ్లీ తాళం అందుకున్నాడు. మూడో చరణం.

వినేవాళ్లు ఎవరూ లేరు. మెచ్చుకునే సంఘం లేదు, ఆపమనే పాస్టరు లేడు. లీలావతి పాల ప్యాకెట్ల సంగతి మరిచి గుమ్మంలోనే కూర్చుంది. ఈ మనిషి అసలు మానెయ్యనే లేదని ఆమెకు అప్పుడు అర్థమైంది. తను దేవుణ్ణి ఆయన గొంతు అడిగింది. ఆయన గొంతు లేకపోయినా దేవుణ్ణి విడవలేదు. భర్త మీద ఆమెకు ఎన్నడూ లేనంత ప్రేమ పుట్టుకొచ్చింది. దేవుడి మీద అలక తీరలేదు గానీ, చాలా రోజుల తర్వాత ఆమె నోరు తెరిచింది. “నాకు కోపంగానే ఉంది తండ్రీ” అంది చిన్నగా. “అయినా వచ్చాను.”

శనివారం ఇంటిముందు షామియానా వేశారు. సంఘమంతా వచ్చింది. హిందీ చర్చి నుంచీ కొందరు వచ్చారు. చిన్నమ్మ కుంకుమ బొట్టుతో ముందు వరసలోనే కూర్చుంది. పెరట్లో పలావు ఘుమఘుమలాడుతోంది. అందరికీ సంగతి తెలుసు, అందుకే ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. విజయ్ పాస్టరు సాక్ష్యానికి పిలిచాడు. లీలావతి కొంగు బిగించుకుని నిలబడింది.

“నేను అడిగింది దేవుడు ఇవ్వలేదండి” అంది. అచ్చయ్య కదిలి కూర్చున్నాడు. “ఇస్తాడని మీ అందరి ముందూ చెప్పేశాను. ఆయన్ని అడక్కుండా ఆయన తరఫున మాటిచ్చేశాను. ఎందుకివ్వలేదో నాకు తెలీదు. అయ్యగారికీ తెలీదు, అడిగాను. ప్రాణం నిలబెట్టాడు, దానికి స్తోత్రం. గొంతు తీసేసుకున్నాడు, దానికి ఏడుపొస్తంది. రెండూ ఆయనకే చెప్పుకుంటాను. ఆయన్ని వదిలి బతకడం నాకు చేతకాదు. కార్డు మళ్లీ మేకుకి పెట్టాను, ఎలా నెరవేర్చుకుంటాడో ఆయనిష్టం. అంతేనండి నా సాక్ష్యం.”

హల్లెలూయలేమీ మోగలేదు. హెలెన్ చున్నీతో కళ్లు తుడుచుకుంది. “ఇప్పుడు పాట” అన్నాడు పాస్టరు, అలవాటు కొద్దీ ప్రకాశం వైపు చూసి, వెంటనే నాలుక్కరుచుకుని ఫోన్ కోసం జేబు తడుముకున్నాడు.

లీలావతి ఇంకా కూర్చోలేదు. భర్తకేసి చూసింది. ప్రకాశం ఆమె ఉద్దేశం పసిగట్టి కాసేపు కళ్లప్పగించి చూశాడు. తర్వాత చెయ్యి పైకెత్తి నెమ్మదిగా ఊపాడు.

ఆమె పాట ఎత్తుకుంది. ఎత్తుకోవడమే ఎక్కడో ఆకాశంలో ఎత్తుకుంది. శ్రుతి అనేది దరిదాపుల్లో లేదు. సంఘం ఆమెను అందుకోవడానికి నానా అవస్థా పడింది, కొందరు పైనా కొందరు కిందా పాడారు. పాట తెలియని చిన్నమ్మ చప్పట్లు కలిపింది. ప్రకాశం భుజాలు నవ్వుతో ఊగుతున్నాయి, కళ్లమ్మట నీళ్లు కారుతున్నాయి, చేత్తో మాత్రం తాళం తప్పకుండా వేస్తున్నాడు.

రెండో చరణం ఎలాగో గట్టెక్కింది. చెమట తుడుచుకుని, అమ్మయ్య అనుకుంటూ లీలావతి కూర్చోబోయింది. విజయ్ పాస్టరు ఆమెన్ అనడానికి నోరు తెరిచాడు.

ప్రకాశం కళ్లు తెరిచి భార్య వైపు మూడు వేళ్లు చూపించాడు.

లీలావతి గొంతు సవరించుకుని మళ్లీ అందుకుంది.