కిటికీ గట్టు మీది గంట

పెనం మీద ప్లోయ్ అట్టుకి చిల్లులు పడే వేళకి పక్కగదిలో గంట మోగింది. ఒడీల్ పొయ్యి తగ్గించి, చేతులు కడుక్కుని, "ఏంటమ్మా?" అంటూ వెళ్ళింది. ఖాళీ మంచం మీద దుప్పటి సవరించింది. దిండు తట్టింది. కిటికీ గట్టు మీద తనంతట తానే మోగుతున్న ఇత్తడి గంట అప్పుడు ఊరుకుంది.

తల్లి సెరఫీన్ పోయింది బంగాళాదుంపలు తవ్వే రోజుల్లో. ఇప్పుడు నది గడ్డకట్టింది. గంట మాత్రం మానలేదు.

తల్లి మంచంలోంచి పిలవడానికి వాడిన ఆ గంట అల్లాటప్పా గంట కాదు. మోగిందంటే నది అవతల కెనడాలో ఆవులు మేత మానేసి తలెత్తి చూసేవి. ఒడీల్ కొట్లో ఉంటే కొట్టువాడే, "మీ అమ్మ పిలుస్తోంది, వెళ్ళమ్మా, సరుకులు నేను పంపిస్తాలే" అనేవాడు. చర్చిలో ఉంటే ఫాదరు ప్రసంగం ఆపి దారి చూపించేవాడు.

ఒడీల్ కూడా అల్లాటప్పా మనిషి కాదు. ఊరి వృద్ధాశ్రమంలో ఆమె పరిచిన పక్కలో మడత వెతకబోయి ఓ తనిఖీ అధికారి కళ్ళజోడు మార్పించుకున్నాడు. ఎద్దంత బరువున్న ముసలాయన్ని ఆమె పక్కకి తిప్పితే, ఆయన నిద్ర చెదరడం అటుంచి, కలలో పట్టిన చేప కూడా గాలం వదిలేది కాదు. అంతటి నర్సింగ్ అసిస్టెంట్ తల్లి మంచాన పడ్డాక ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చుంది.

మళ్ళీ పనిలో చేరతానని వెళ్తే ఆశ్రమం నడిపే బ్లాంష్ తల పట్టుకుంది.

"నీ పేరు నర్సింగ్ అసిస్టెంట్ల రిజిస్టర్లోంచి పోయిందే ఒడీల్. రెండేళ్ళు పని చెయ్యకపోతే తీసేస్తారని తెలుసుగా."

"రెండేళ్ళూ చేసింది ఆ పనేగా. రాత్రీ పగలూ."

"జీతానికి చేస్తేనే పని. అమ్మకి చేసింది లెక్కలోకి రాదు."

"అమ్మ జీతం ఇవ్వలేదు, తిట్లు ఇచ్చింది. అవి చెల్లవా?"

బ్లాంష్ నవ్వబోయి కళ్ళు తుడుచుకుంది. "మళ్ళీ పరీక్షకి కూర్చో. తప్పావంటే నీ చోటు ఇంకొకరికి ఇవ్వక తప్పదు నాకు. అంతకన్నా ఆపలేను."

ఆ పని తప్ప ఒడీల్‌కి ఇంకొకటి రాదు. పరీక్ష పక్క ఊళ్ళో. మరి ఇక్కడ గంట మోగితే పలికేదెవరు?

"నేను పలుకుతాలే అమ్మాయ్," అన్నాడు పక్కింటి ఆల్సిడ్. "మీ అమ్మా నేనూ బళ్ళో చదివేటప్పుడూ తను పిలిస్తే పరిగెత్తినవాణ్ణే. అప్పుడు గంట కాదు, ఒరే గుంటడా అనేది."

ఒడీల్ నవ్వలేదు. తల్లి ఆఖరి రోజు సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు దుప్పటి మారుస్తూ గంట తీసి కిటికీ గట్టు మీద పెట్టింది. పక్క నున్నగా సర్ది, సూపు కలపడానికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి తల్లి పోయింది. చెయ్యి కిటికీ వైపు చాచి ఉంది, అరచెయ్యి తెరిచి. ఆ తరవాత ఎన్నిసార్లు తెచ్చి మంచం మీద పెట్టినా, తెల్లారేసరికి గంట గట్టు మీదే ఉండేది.

పరీక్షలో రోగిగా పడుకున్నది తోటి అభ్యర్థి, టెస్ అనే పిల్ల. పరీక్ష పెట్టే మిసెస్ హాస్కెల్ కుర్చీలో కూర్చుని కలం పట్టుకుంది. ఒడీల్ చేతులు కడిగిందంటే ఆ గదిలో క్రిములు వలస పోయాయి. టెస్‌ని పక్కకి తిప్పి, వీపు వెనక దిండు ఆనించి, మంచం దించిందంటే ఆ పిల్ల నిజంగానే నిద్రలోకి జారింది. ఒడీల్ చెవులు మాత్రం ఇంటి వైపే ఉన్నాయి. "అయిపోయిందండీ" అనడానికి నోరు తెరిచింది.

మంచు పొలాలన్నీ దాటుకుని గంట మోగింది.

"ఎవరిదది?" మిసెస్ హాస్కెల్ తల ఎత్తకుండా అడిగింది.

"మా అమ్మదండీ."

"వెళ్ళాలా?"

"ఒక్క నిమిషం."

అలవాటైన కాళ్ళు మంచం వైపు తిరిగాయి. టెస్ చెయ్యి దుప్పటి మీద తెరిచి ఉంది, ఖాళీగా. నర్సుని పిలిచే బటన్ తీగ నేల మీదికి వేలాడుతోంది. ఒడీల్ వంగి, బటన్ తీసి, ఆ అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది. మూసి చాలాసేపు వదల్లేదు.

గంట ఆగింది.

"ఇప్పుడు అయిపోయిందండీ," అంది.

"ఆ బటన్ మరిచిపోయుంటే పరీక్ష తప్పించేదాన్ని," అంది మిసెస్ హాస్కెల్, కలం మూత పెడుతూ. ఒడీల్ పేరు మళ్ళీ రిజిస్టర్లోకి ఎక్కింది.

ఇంటికొచ్చేసరికి ఆల్సిడ్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు, టోపీ చేత్తో పట్టుకుని.

"నేను లోపలికి వెళ్ళేలోగానే ఆగిపోయిందమ్మాయ్. మళ్ళీ పిలవలేదు."

గట్టు మీద గంట లేదు. మంచం మీద, చెయ్యి ఆనేచోట, దుప్పటి చిన్న గుంటపడి ఉంది. గంట అందులో ఉంది.

"అందింది," అంది ఒడీల్.

మర్నాడు ఆశ్రమానికి వెళ్ళే ముందు పెనం మీద అట్టు పోసింది. చిల్లులు పడ్డాయి. పొయ్యి తగ్గించింది. చేతులు కడుక్కుంది. పక్కగది గుమ్మంలో నిలబడి, "ఏంటమ్మా?" అంది.

ఎవరూ పిలవలేదు.