లెక్కకి సరిపోయిన మాత్రలు

సీసాలో ఆరు మాత్రలు మిగలాలి. ఆరే ఉన్నాయి. వరసలో నిలబడే, సంచిలో చెయ్యి పెట్టి మూత తిప్పి, వేళ్లతో తడిమి మూడుసార్లు చూసుకుంది. ఆరు.

అత్తాకోడళ్లు పొద్దున ఏడింటికి వచ్చారు. ఇప్పుడు పన్నెండు దాటింది. ఆసుపత్రి వరండాలో ఉన్నది ఒక్కటే బల్ల, దాని మీద అత్త కూర్చుంది. అత్త ఒళ్లో నలభై రెండు రోజుల పసిపిల్ల. ఇందాకే పాప మడమ మీద గుచ్చి, నాలుగు చుక్కల రక్తం అట్టముక్క మీద ఒత్తించుకున్నారు. పాపకి అంటిందో లేదో మూడు వారాలకి తెలుస్తుందన్నారు. అది ఏడ్చి ఏడ్చి నిద్రపోయింది.

"నిలబడ్డచోటే కునుకేంటే? ముందుకి జరుగు," అంది అత్త. "ఇంటికెళ్లి పొయ్యి వెలిగించాల్సింది నేనే. నీకెలాగూ గోడ చూస్తూ పడుకోవడమే పని."

ముందున్నావిడ వెనక్కి తిరిగి చూసింది. కోడలు ఒక్క అడుగు జరిగింది.

చొక్కాల ఫ్యాక్టరీలో ఆమెని బొత్తాలమ్మాయి అంటారు. ఎనిమిదేళ్లుగా బొత్తాలు కుట్టడమే పని. కట్టకి యాభై చొక్కాలు. సాయంత్రం మేస్త్రీ వచ్చి కట్ట విప్పడు. మడతల అంచుల మీద బొటనవేలు పరపరా ఆడించి లెక్కపెడతాడు, యాభై ఉంటే టిక్కు పెడతాడు. లోపల బొత్తాం దారానికి వేలాడుతున్నా అతనికి పట్టదు. లెక్క కుదిరితే ఎవరూ విప్పి చూడరని ఆమెకి అక్కడే ఒంటబట్టింది.

ఇక్కడా అదే పనికొచ్చింది.

గర్భిణులందరికీ చేసే పరీక్షలో ఆమెకి హెచ్ఐవీ ఉందని బయటపడింది. ఆ ఇంట్లో ముందు పరీక్ష జరిగింది ఆమెకే కాబట్టి, తెచ్చింది కూడా ఆమేనని తేల్చేశారు. గోడలకి రంగులు వేసే మొగుడు "నాకేం మాయరోగం? దుక్కలా ఉన్నాను" అని పరీక్షకి రానే రాలేదు. ఆమె కంచం, గ్లాసు విడిగా కిటికీలోకి చేరాయి. ఏడో నెలకల్లా ఏడుపు కూడా ఆగిపోయింది. పొద్దున లేచి జడ వేసుకోవాలంటే చేతులు లేచేవి కావు. మనిషి బద్ధకించిందంది అత్త. కాన్పయ్యాక సర్దుకుంటుందంది పక్కింటావిడ.

కడుపుతో ఉన్నన్నాళ్లూ రాత్రి భోజనం కాగానే మాత్ర మింగింది. అది తన మాత్ర కాదు, లోపలున్నదానిది అనుకుంది. పాప పుట్టాక దానికి వేరే చుక్కల మందు ఇచ్చారు. ఒక్క పూట కూడా మర్చిపోకుండా పోసింది. ఇక తన మాత్ర ఒక్క తన కోసమే. తను దేనికి? ఇరవై నాలుగు రోజుల కిందట ముప్పై మాత్రల కొత్త సీసా ఇచ్చారు. ఆ రోజు నుంచి రోజుకో మాత్ర లెక్కగా తీసి, తూములో వేసి నీళ్లు వదిలింది. ఎక్కువా కాదు, తక్కువా కాదు. లెక్క తప్పితే కార్డు మీద ఎర్రగీత పడుతుంది, ఇంటికి ఫోన్ వెళ్తుంది.

"తర్వాత!"

ఆమె గదిలోకెళ్లి కుర్చీలో కూర్చుంది. అందరూ లెక్కలమ్మ అని పిలుచుకునే నర్సు తలెత్తలేదు. సీసా పళ్లెంలో బోర్లించి, రెండేసి చొప్పున పక్కకి జరిపింది. "రెండు, నాలుగు, ఆరు. శభాష్! పొద్దుట్నుంచి లెక్క కుదిరింది నీ ఒక్కదానికే తల్లీ. బయటున్న మొద్దులకి నిన్ను చూపించాలి." కార్డు మీద టిక్కు పెట్టింది. "సరే, పాప చుక్కల సీసా ఇటివ్వు. ఇవాళ్టితో ఆపేస్తున్నాం."

"ఆపేస్తారా?"

"ఆరు వారాలైందిగా. నీ పాలే తాగుతోందిగా. నువ్వు మాత్ర వేసుకుంటే నీ పాలు దానికి భద్రం. ఆ మాత్రే దానికీ కాపలా. కాన్పు రోజే చెప్పాం కదమ్మా?"

చెప్పే ఉంటారు. ఆ రోజు ఎవరేం చెప్పారో ఆమెకి ఒక్క ముక్క గుర్తులేదు.

పొద్దున బల్ల మీద పాప ఆబగా తాగిన పాలు కళ్లముందు మెదిలాయి. సంచిలో చుక్కల సీసా మీద వేళ్లు బిగుసుకున్నాయి.

"ఇటివ్వమంటే ఏం చూస్తావే? బయట నలభై మంది ఉన్నారు."

"ఇవ్వను."

నర్సు మొదటిసారి తలెత్తింది.

"ఇవ్వను సిస్టర్. నేను వేసుకోలేదు. పారేశాను. లెక్కపెట్టి పారేశాను."

నర్సు పళ్లెంలోని ఆరు మాత్రల వంక, తను పెట్టిన టిక్కు వంక చూసింది. మొహం జేవురించింది.

"నీకు బుద్ధుందా? పసిగుడ్డుకి పాలిస్తూ... ఎన్ని?"

"ఇరవై నాలుగు."

"మరి రోగమొస్తే ఎవరిదే పూచీ? నాదా?" ఎర్ర పెన్ను మూత ఊడబెరికింది. రెండో చేత్తో కార్డు దగ్గరికి లాక్కుని, ఫోను అందుకుంది. "మీ ఇంటివాళ్లతోనే మాట్లాడతాను."

కార్డు మీద అత్తగారి నంబరున్న చోట బొత్తాలమ్మాయి అరచెయ్యి ఆనించింది. సూదులు గుచ్చుకుని గట్టిపడ్డ వేళ్లు. తియ్యలేదు.

"వాళ్లని కాదు. నన్ను అడగండి."

"నిన్నేం అడగాలి?"

"ఎందుకు పారేశానో. ఇన్నిసార్లు వచ్చాను సిస్టర్, ఎన్ని మిగిలాయనే అడిగారు."

నర్సు ఫోను కింద పెట్టలేదు. చెవికీ ఆనించలేదు. ఎదుట ఫారంలో తేదీకో గడి, బరువుకో గడి, మాత్రలకో గడి ఉన్నాయి. వాటిలో దేంట్లోనూ రాయడానికి వీల్లేని మాట అది.

తలుపు కిర్రుమంది. అత్త తల లోపలికి పెట్టింది. భుజం మీద పాప గుక్కపట్టింది. "ఇంకెంతసేపే? ఇది పాలకి ఏడుస్తోంది. లే!"

ఆ గొంతుకి ఆమె ఎప్పుడూ లేచి నిలబడేది. ఇప్పుడు కూడా మోకాళ్లు కదిలాయి. బలవంతాన కుర్చీకి అంటుకుని కూర్చుంది.

"బయట ఉండండి అత్తయ్యా. నేను పిలుస్తాను."

అత్త నర్సు వంక చూసింది. నర్సు వెళ్లమన్నట్టు చెయ్యి ఊపింది. తలుపు మూసుకుంది. పాప ఏడుపు మాత్రం చెక్క సందుల్లోంచి లోపలికి వస్తూనే ఉంది.

"సరే," అంది నర్సు చివరికి, కాస్త గొంతు తగ్గించి. "చుక్కలు ఆపం. ఇంకో ఆరు వారాలు పోద్దువుగాని. చెప్పు. ఎప్పట్నుంచి ఇలా ఉంటోంది నీకు?"

ఆమె అరచెయ్యి ఇంకా ఆ నంబరు మీదే ఉంది. నర్సు ఎర్ర పెన్ను మూత ఇంకా తీసే ఉంది.

"ఏడో నెల నుంచి ఏడుపు కూడా రావట్లేదు," అని మొదలుపెట్టింది.