వీరాస్వామి పూసుకున్న పుదీనా

నేను ఒక మగవాళ్ల సెంటు సీసాని. నా పుట్టుక సంగతి తర్వాత, ముందు ఆకివీడు ఫ్యాన్సీ షాపు వీరాస్వామి సంగతి తేల్చాలి. రోజూ పొద్దున్నే నా అట్టపెట్టె అతుకు మెల్లగా ఊడదీసేవాడు. చంకల్లో చెరోసారి కొట్టుకునేవాడు. మళ్లీ జిగురు రాసి, అద్దాల బీరువాలో కొత్త పెళ్లికూతురిలా కూర్చోబెట్టేవాడు. నాది ముదురు ఆకుపచ్చ గాజు, లోపల ఎంత తగ్గిందో బయటికి కనబడదు. అది కనిపెట్టాకే ఆ పెద్దమనిషికి నామీద ప్రేమ పుట్టింది.

నాలో ఉన్నది కల్తీ సరుకు కాదు. పుదీనా ఆకుని ఆవిరి పట్టి తీసిన నూనె, చలికొండల మీద పూసే లావెండర్ అనే ఊదా పువ్వు సారం. పుదీనా ముందు చల్లగా తగులుతుంది, పువ్వు వెనకాల నెమ్మదిగా వస్తుంది. పెట్టె మీద మాత్రం కండలు తిరిగిన వాడొకడు గుర్రమెక్కి ఉంటాడు. నన్ను కొన్నవాడికి కండలూ లేవు, గుర్రమూ లేదు. రొయ్యల చెరువులో మేత వేసే ఏసుపాదం.

ఆ మేత వాసన చొక్కా ఉతికితే పోదు, ఒళ్లు తోమితే పోదు. అతని భార్య మార్తకి వేవిళ్లు. అన్నం ఉడికినా వాంతే, మొగుడు గుమ్మంలోకొచ్చినా వాంతే. కిందటేడు వచ్చిన కడుపు నిలవలేదు. ఈసారి తిండి పడకపోతే కష్టమని డాక్టరమ్మ చెప్పేసింది. లేచి కూర్చోలేని మనిషికి ముద్ద కలిపి పెట్టడానికి ఇంట్లో ఇంకో చెయ్యి లేదు. ఆమెకి సయించేది పుదీనా పచ్చడి ఒక్కటే.

"పుదీనా వాసనొచ్చే సెంటుందా అండీ?"

"నీక్కావాల్సింది సెంటా, పచ్చడా?" అని నవ్వి, నిండు సీసా ధరకే నన్ను అంటగట్టాడు వీరాస్వామి.

మర్నాడు నన్ను కొట్టుకునే పనికెళ్తే చెరువు గట్టున మేస్త్రి ఊరుకోలేదు. "ఏరా, పెళ్లికొడుకువా? ఈ ఘుమఘుమకి రొయ్య మేత ముడుతుందంటావా?" అప్పట్నించి ఏసుపాదం పని దిగాక, పంటకాలవలో కొబ్బరి పీచుతో ఒళ్లంతా తోముకుని, అప్పుడు నన్ను తీసేవాడు. మెడకి ఒకసారి, ముద్ద కలిపే చేతి మణికట్టుకి ఒకసారి.

అలా ఇంటికెళ్లిన మొదటి రోజు మార్త ముక్కు ఎగబీల్చి అతని వంక అదోలా చూసింది. "ఎవతిచ్చిందయ్యా ఇది?"

"వీరాస్వామి ఇచ్చాడు."

ఆమె నవ్వింది. నాలుగు ముద్దలు తింది. నాలుగూ నిలిచాయి.

మనుషులు సెంటు కొట్టుకునేది పక్కవాళ్లు తిరిగి చూడాలని. ఇతను కొట్టుకున్నది ఒకావిడ అన్నం తినాలని. ఈ పని చెబితే నా గుర్రపువాడు దిగి పారిపోయేవాడేమో.

వేవిళ్లు తగ్గకముందే నేను అయిపోయాను. ఏసుపాదం నొక్కితే ఉస్సుమనడం తప్ప ఏమీ రాలేదు. మళ్లీ కొనే తాహతు లేక మర విప్పి, నీళ్లు పోసి, గిలకొట్టి, అదే రాసుకున్నాడు. నాకు సిగ్గేసింది. అందులో నేనెక్కడున్నాను? మేత కంపే పైకి లేస్తోంది.

భయపడుతూ గుమ్మంలో నిలబడ్డాడు. మార్త రమ్మని అతని చెయ్యందుకుని మణికట్టు వాసన చూసింది. కళ్లు మూసుకుంది. గొంతులోకొచ్చినదాన్ని దిగమింగింది.

"ఇవాళ ఎక్కువ కొట్టేశావయ్యా. రేపట్నించి తగ్గించు, అయిపోగలదు."

"తగ్గిస్తాలే, తినవే."

తింది. మొహమంతా చెమటలు పడుతున్నా తింది. వేవిళ్లు తగ్గేదాకా ఆ నీళ్లతోనే నెట్టుకొచ్చారు. ఆమెకి తెలుసని అతనికి తెలుసో లేదో, నేను కనిపెట్టలేకపోయాను.

ఇప్పుడు వాళ్ల కిటికీలో ఉంటాను. పళ్లు వస్తున్న పిల్ల నా మూత తీసుకుని చప్పరిస్తుంటుంది. నాలో వాసనంటూ ఏమీ మిగల్లేదు.

పెట్టె మీద ముప్ఫై మిల్లీలీటర్లని అచ్చేశారు. పది ఏసుపాదం ఒంటి మీద పోయింది, దాన్ని నష్టం కింద రాసుకోను. మార్త అన్ని రోజులు కంపు మింగింది ఆ మిగతాది లేకే. వీరాస్వామి చంకల్లో పోయింది ఇరవై మిల్లీలీటర్లు.