అచ్చులమ్మ

చెవిలోకి దీపం వేసి చూసి, దారం కట్టిన దూది ముక్కను మెల్లగా లోపలికి నెట్టింది అచ్చులమ్మ. తర్వాత సిరంజిలోని గులాబీ రంగు ముద్దను చెవి నిండా నింపింది. వినికిడి ఆసుపత్రి వెనక గదిలో పగలంతా ఆమె చేసే పని ఇదే. ముద్ద గట్టిపడితే చెవి ఆకారం వస్తుంది. దాన్నిబట్టి, వినికిడి మిషన్ను చెవిలో పట్టి ఉంచే అచ్చు తయారవుతుంది. అందుకే ఆ పేరు. అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఇంట్లో కూడా లేరు.

కుర్చీలో ఉన్నది ముసలి వడ్రంగి. బతుకంతా రంపపు యంత్రం పక్కన నిలబడి చెవులు పోగొట్టుకున్నాడు. మిషన్ కొనుక్కుని ఏళ్ళయింది గానీ అది బీరువా దాటి రాలేదు. కీచుమంటోందనీ, నలుగురూ చూస్తారనీ సాకులు. అలాంటివాళ్ళను ఆమె చాలామందిని చూసింది. కళ్ళజోడు దర్జాగా పెట్టుకునే మనుషులు చెవి దగ్గరికొచ్చేసరికి ముడుచుకుపోతారు. ఆమె వాళ్ళమీద కోప్పడదు. ఆమె తల్లికీ వినపడేది కాదు. కూరగాయల బేరం నుంచి చుట్టాల పలకరింపుల దాకా అమ్మకు చెవులుగా పెరిగిన పిల్ల. ఎదుటివాళ్ళకు మొహం చూపిస్తూ నిదానంగా మాట్లాడటం అప్పుడే అలవాటైంది.

ముద్ద తీశాక, అచ్చు ఎప్పటికిస్తారని అడిగాడు వడ్రంగి. వచ్చే వారం ఇస్తానంది. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"మా ఆవిడకి ఊపిరి చాలట్లేదమ్మా. గొంతు రోజురోజుకీ సన్నబడిపోతోంది. ఏదో చెబుతూ ఉంటుంది. నేను ఊరికే తలూపుతున్నాను."

అచ్చులమ్మ ఒక్క క్షణం ఆలోచించి, సాయంత్రం ఇంటికే తెస్తానంది. డాక్టరమ్మతో చెప్పి మిగతా పనులు మర్నాటికి జరిపింది. భోజనం మాటే మరిచి అచ్చు పోసింది, అంచులు నున్నగా రుద్దింది, మిషన్ గొట్టం దూరేందుకు బెజ్జం పెట్టింది. ఎక్కడా గరుకు లేదని బొటనవేలితో తడిమి చూసుకుంది. తన చేతిమీద ఆమెకు నమ్మకం. అచ్చు వదులైతేనే మిషన్ కీచుమంటుంది; ఇది కీచుమనదు.

సాయంత్రం వడ్రంగి ఇంటికి వెళ్ళేసరికి ఆయన భార్య దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. అచ్చులమ్మ ఫ్యాను కట్టేసి, కిటికీ మూసి, ఆయనకు మిషన్ తగిలించి ధ్వని కొద్దికొద్దిగా పెంచింది. కీచుమనలేదు. ఇక అరవక్కర్లేదు, మామూలుగా మాట్లాడమని ఆవిడకు చెప్పింది.

ఆవిడ మొగుడి వైపు తేరిపార చూసింది.

"ఇన్నేళ్ళూ అరిచి అరిచి గొంతు అరగదీసుకున్నాను. ఇప్పుడా వింటానంటున్నారు?"

వడ్రంగి నవ్వబోయి, మంచం అంచున కూర్చున్నాడు.

"వినపడింది," అన్నాడు. "ఇంకోసారి తిట్టవే."

అచ్చులమ్మ చెప్పులేసుకుని బయటికొచ్చింది. తలుపు వెనక ఆ సన్నటి గొంతు ఆగకుండా ఏదో చెబుతూనే ఉంది.

నెల గడిచాక, మిషన్ శుభ్రం చేయించుకోవడానికి వడ్రంగి ఒక్కడే వచ్చాడు. ఆవిడ పోయిందన్నాడు. చివరి రాత్రిదాకా కబుర్లేనట. పెళ్ళైన కొత్తలో ఆయనమీద పెట్టుకున్న అలక దగ్గర్నించి ఒక్కటీ వదలకుండా అప్పజెప్పి మరీ వెళ్ళిందట. అచ్చులమ్మ మిషన్ తుడిచి తనే ఆయన చెవికి పెట్టింది. ఆయన వీధిలోకి వెళ్ళాక, వెనక హారను మోగితే పక్కకు తప్పుకోవడం కిటికీలోంచి చూసింది.

ఇటు తిరిగేసరికి, ఆయన చెప్పకుండా వదిలి వెళ్ళిన చిన్న చెక్కపెట్టె బల్లమీద ఉంది: మేకన్నది లేని మూత, లోపల ఒక్కో అచ్చుకు ఒక్కో గది, ఇంకా ఆరని వార్నిషు వాసన.