బావ తెమ్మన్నాడు

“టీలో పంచదార తక్కువైంది,” అన్నారు మా ఆయన.

మా హైమ కనపడకుండా పోయి అప్పటికి ఒక పగలూ ఒక రాత్రీ గడిచాయి. వరండా నిండా మగాళ్లు. ధైర్యం చెప్పడానికి వచ్చినవాళ్లు. నేను గ్లాసు అందుకుని లోపలికి వెళ్లాను. చెంచాడు పంచదార వేసి, కలిపి, మళ్లీ తెచ్చి ఇచ్చాను. ఎందుకిచ్చానంటే ఏం చెప్పను? ఇన్నేళ్ల అలవాటు చేతుల్లోకి దిగిపోయింది. అవి బుర్రని అడిగి పని చెయ్యవు. ఆ తెల్లవారు నుంచి మూడుసార్లు టీ పెట్టాను. ఉప్మా చేశాను. కూతురు కనపడని ఇంట్లో కూడా పొయ్యి ఆరకూడదు. వచ్చినవాళ్లు ఆకలితో వెళ్లకూడదు.

“ముందే సెప్పేను,” అని మా అత్తగారు గుమ్మం దగ్గర కూర్చుని అందరికీ వినిపించేలా అంటోంది. “పొరుగోల్ల గుంటల్ని ఊరంతా తిప్పి ఏటి సూపిత్తావే, పెళ్లికొడుకులనా అని. ఇన్నాదా?”

ఆవిడ అంటున్నది నా వేసవి శిబిరం గురించి. మునిసిపల్ ఆడపిల్లల హైస్కూల్లో నేను లెక్కల టీచర్ని. పదో తరగతి పరీక్ష రాసిన మర్నాటి నుంచి మా పిల్లలు ఏమైపోతారో ఎవరూ పట్టించుకోరు. కొందరు హార్బరు షెడ్లలో రొయ్యలు ఒలుస్తారు. కొందరు కుట్టుమిషన్ల ముందు కూర్చుంటారు. మిగిలినవాళ్లు అత్తవారిళ్లకి. అందుకే హెడ్మిస్ట్రెస్ కాళ్లావేళ్లా పడి ఈ ఎనభై అయిదు వేసవి సెలవుల్లో శిబిరం పెట్టాను. పిల్లల్ని బస్సులో కూర్చోబెట్టి యూనివర్సిటీ చూపించాను. పోర్టు, నర్సుల స్కూలు, బ్యాంకు, కడుతున్న స్టీల్ ప్లాంటు చూపించాను. ఇదిగో, ఈ కుర్చీలో మీరు కూర్చోవచ్చు అని చెప్పాను. కూర్చుని చూడండి అన్నాను కూడా.

ఆఖరిరోజు పాలిటెక్నిక్. మర్నాడే ఎంట్రన్సు పరీక్ష. డ్రాయింగు హాల్లో వాలుబల్లల మీద చేతులు వేసి తడిమి చూసుకున్నారు పిల్లలు. తిరిగి బస్సెక్కేటప్పుడు లెక్కపెట్టాను. ఒకరు తగ్గారు. ఎవరి పిల్ల, ఎవరి పిల్ల అని ఒక్కొక్క మొహమే వెతుక్కుంటూ పోతే చివరికి తేలింది. తగ్గింది నా పిల్లే.

పోలీసుస్టేషన్లో జన్నత్ బీ ఒక్కతే నోరు విప్పింది. మా బస్సులో వచ్చిన పిల్లే, పాతూర్లో గాజులకొట్టు నడిపే మదీనా బీ కూతురు. వెనకనుంచి తల్లి భుజం నొక్కుతూనే ఉంది, మనకెందుకు అన్నట్టు. అయినా చెప్పింది.

“గేటు దగ్గరకి ఒకాయన స్కూటర్ మీద వచ్చాడు మేడమ్. ఎండకి మొహం కనపడకుండా తువ్వాలు చుట్టుకున్నాడు. ‘బావ తెమ్మన్నాడు, ఎక్కు’ అన్నాడు. హైమ తనే ఎక్కింది.”

ఎస్సై గుంటూరు వైపు మనిషి. ఇక్కడికి బదిలీ మీద వచ్చి ఎన్నాళ్లో కాలేదు. ఆ మాట వినగానే నవ్వాడు.

“ఇంకేముంది? బావతో లేచిపోయింది. మేనమామ కొడుకులెవరన్నా ఉన్నారా?”

మా ఆయన తల వంచుకున్నారు. తరవాత బొంగురు గొంతుతో అన్నారు. “ఉన్నాడు సార్. మా ఆవిడ అన్నగారి కొడుకు. పద్మనాభంలో ఉంటాడు. పేరు కన్నబాబు.”

“కన్నబాబు అలాంటివాడు కాదు,” అన్నాను.

“నీ పుట్టింటోళ్లు ఎలాంటోళ్లో నాకు తెలీదేటి?” అన్నారాయన.

ఎస్సై నా వైపు తిరిగాడు. “ఊళ్లో పిల్లలందరికీ దారి చూపిస్తున్నారంట. మీ పిల్ల దారి మీరు చూసుకోలేదేమ్మా?”

ఆ ప్రశ్న అప్పటికే నాలో నేను వెయ్యిసార్లు వేసుకున్నాను. సాయంత్రానికి జీపు పద్మనాభం వెళ్లింది. పొలంలో ఉన్నవాణ్ణి ఉన్నట్టుగా ఎక్కించుకొచ్చారట. రాత్రి వాణ్ణి ఎలా అడగాలో అలా అడిగారట. మా అన్నయ్య తెల్లారకుండానే వచ్చి మా గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. స్టేషనుకి వెళ్లిపోయాడు.

ఇప్పుడు వరండాలో నేను ఖాళీ గ్లాసులు ఏరుతున్నాను. మా ఆయన పక్కన కూర్చున్న జగ్గారావు ఆయన తొడ మీద చెయ్యి వేశాడు.

“దిగులుపడకు బావా. ఎక్కడికి పోద్ది? దొరుకుతాది.”

ఏరిన గ్లాసులు అక్కడే కింద పెట్టేశాను.

జగ్గారావుకీ మాకూ చుట్టరికం లేదు. కులం కూడా వేరు. కిళ్లీకొట్టు దగ్గర పరిచయం, అంతే. అయినా మా ఆయన అతనికి బావ. ఈ ఊళ్లో ఏ ఇద్దరు మగాళ్లు కలిసి నాలుగు టీలు తాగినా ఒకళ్లకొకళ్లు బావే. గుంటూరు ఎస్సైకి ఆ సంగతి తెలీదు. నాకు తెలుసు. మా ఆయనకి తెలుసు. నిన్న ఆ గదిలో తల వంచుకుని ఆలోచించిన మనిషికి చాలా బాగా తెలుసు.

హైమని తెమ్మన్నది హైమ బావ కాదు. స్కూటర్ నడిపినవాడి బావ.

వరండా అంతా ఒకసారి చూశాను. ఆయన్ని బావా అని పిలిచేవాళ్లందరూ వచ్చారు. ఒక్కడు రాలేదు. హార్బరులో ఐసు వ్యాపారం చేసే సూరన్న. తలనొప్పి వచ్చిందన్నా పరిగెత్తుకొచ్చే సూరన్న. మా హైమ మావా అని పిలిచి స్కూటర్ ఎక్కగలిగిన సూరన్న.

కూతురు మాయమైన తండ్రి నాలుకకి పంచదార తక్కువని ఎలా తెలిసింది?

స్టీల్ ప్లాంటు సైటు గుర్తొచ్చింది. ఆయన అక్కడ కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరు. నా పిల్లల్ని తీసుకెళ్లినరోజు ఇంజనీరు ముచ్చటపడి ఒక డ్రాయింగు పరిచాడు. ఈ గీతేంటి చెప్పండి అన్నాడు. మా ఆయన ముందుకొచ్చి దూలం అన్నారు. హైమ వంగి చూసి, “కాదు నాన్నా, ఇక్కడ కోసి చూపించడానికి గీసిన గీత. దూలం ఇదిగో,” అంది. కూలీల్లో ఎవడో, “సూపర్‌వైజర్‌గారూ, రేపట్నించి పాపని తెచ్చుకోండి,” అని అరిచాడు. అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వారు. ఆ రాత్రి అన్నం సగంలో చెయ్యి కడిగేసుకుని నాతో అన్నారు.

“బాగా నేర్పేవు. రేపది డ్రాయింగు పట్టుకుని నా సైటుకి వస్తాది. దాని ముందు నాను చేతులు కట్టుకుని నిలబడాల. అంతే కదా నీకు కావల్సింది?”

పరిహాసం అనుకున్నాను. కంచం తీసి, కింద పడిన మెతుకులు ఏరి, నేల తుడిచాను. మగవాడి అవమానం కూడా మనమే తుడవాలి కదా. తుడిస్తే పోయిందనుకున్నాను.

పాలక్యాను పట్టుకుని వరండాలోకి వచ్చాను. “పాలు అయిపోయాయి.”

ఎవరూ తలెత్తలేదు. క్యాను పట్టుకున్న ఆడదాన్ని ఎక్కడికని ఎవరూ అడగరు. తిన్నగా ఆటో ఎక్కి హార్బరుకి పొమ్మన్నాను.

సూరన్న పెళ్లాం చిలకమ్మ వాకిట్లో ఎండుచేపలు తిరగేస్తోంది. నన్ను చూడగానే ఆమె చేతులు ఆగిపోయాయి. ఆ ఆగడంతోనే నా సగం ప్రశ్నకి జవాబు దొరికింది.

“సూరన్న ఏడీ?”

“ఏమో. ఐసు కాడికి ఎల్లినాడు.”

“ఊరంతా మా ఇంటికి వచ్చింది. మీ ఆయన రాలేదేం?”

“నన్నడక్కండమ్మా. నాను నోరిప్పితే ఆడు నా వీపు సీరెత్తాడు.”

నేను అడగలేదు. క్యాను పక్కన పెట్టి ఆమె ఎదురుగా గొంతుక్కూర్చున్నాను. “పద్మనాభం నుంచి నా మేనల్లుణ్ణి స్టేషనుకి పట్టుకొచ్చి కొడుతున్నారు చిలకమ్మా,” అన్నాను. “హైమని వాడే ఎత్తుకుపోయాడని.”

“ఓలమ్మో!” చేతిలో చేప జారిపోయింది. “కొట్టడమేటి? అలగని సెప్పనేదు మాకు! గుంట బాగానే ఉన్నాదమ్మా. భీమిలిలో మాయమ్మ కాడున్నాది. బావ తెమ్మన్నాడని మావోడు తెచ్చీసినాడు. మాపటికి తోలీమన్నాడు.”

“మాపటికే ఎందుకు?”

“ఏదో పరీచ్చంట కదా. అది అయిపోతే తోలీమన్నాడు.”

ఎంత చిన్న నేరం! చంపలేదు, అమ్మలేదు. ఒక పరీక్ష జరిగేంతసేపు ఒక పిల్లని దాచిపెట్టాడు. ఏ పాపం తెలియని ఇంకొక పిల్లాణ్ణి పోలీసులకి అప్పజెప్పాడు. మధ్యలో మంచి టీ అడిగాడు.

భీమిలి బస్సు కొండదారిలో ఎన్నిచోట్ల ఆగిందో నాకు గుర్తుంది. ప్రతిచోటా ఎవరో ఒకరు బుట్టలు ఎక్కించారు. కండక్టర్ని టైమెంతని అడిగాను. చెప్పాడు. ఆ తరవాత మళ్లీ అడగలేదు. పరీక్షహాలు తలుపులు మూసేశారు.

హైమ పెంకుటింటి అరుగు మీద, నిన్నటి యూనిఫారంలోనే కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు. ఏడ్చి ఏడ్చి ఆరిపోయిన మొహం.

“ఇప్పుడెందుకొచ్చేవు?” అంది.

“హైమా...”

“నువ్వే వొద్దన్నావంట కదా పరీక్ష. నా మొహం చూసి చెప్పలేక ఇక్కడ దాచమన్నావంట. సూరన్నమావ చెప్పేడు, నాన్న చెప్పమన్నాడంట.” “అందర్నీ బస్సులో తిప్పేవమ్మా. అందరికీ అన్నీ చూపించేవు. నన్నొక్కదాన్నే ఆపేవు.”

అన్ని దెబ్బల్లోకీ అది పెద్దది. పిల్లని దాచడంతో ఆయన తృప్తిపడలేదు. ఆ పిల్ల కళ్లలో నన్ను కూడా పడగొట్టాలని చూశాడు. ఇక ముందు నేను ఎన్ని కుర్చీలు చూపించినా, కూర్చోమంటే నా కూతురు నమ్మకూడదు. దాని పక్కన ఆ అరుగు మీదే కూర్చుని అంతా చెప్పాను. కన్నబాబు సంగతి కూడా. చిన్నపిల్ల దగ్గర దాచాల్సినవి కూడా దాచలేదు. దాచడం చాలనిపించింది.

“పరీక్ష అయిపోయిందా?” అంది చివరికి.

“అయిపోయింది.”

తిరుగు బస్సులో నా చెయ్యి వదల్లేదు.

స్టేషన్లో మా ఆయన అప్పటికే ఉన్నారు. ఎస్సై ఎదురుగా కుర్చీలో. హైమని చూసి లేచి వచ్చి గట్టిగా పట్టుకున్నారు. ఏడ్చారు కూడా. అవి నిజం కన్నీళ్లే. ఆ సంగతే నన్ను ఎక్కువ భయపెట్టింది. మూల గోడకి ఆనుకుని కన్నబాబు కూర్చుని ఉన్నాడు. అరికాళ్లు వాచిపోయి చెప్పులు ఎక్కడం లేదు. మా అన్నయ్య వాటిని చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

“పిల్ల దొరికింది కదా సార్,” అన్నారు మా ఆయన కళ్లు తుడుచుకుంటూ. “ఇంక కేసొద్దు. ఆడపిల్ల పరువు. కుర్రోణ్ణి మందలించి వదిలీండి. మళ్లీ మా గుమ్మం తొక్కకుండా ఉంటే చాలు.”

ఎంత ఉదారం! కన్నబాబు బయటికొస్తాడు. మేనత్త కూతుర్ని ఎత్తుకుపోయినవాడిగా బతికినన్నాళ్లూ బతుకుతాడు. హైమ లేచిపోయి దొరికిన పిల్లగా మిగులుతుంది. ఇక శిబిరాలుండవు. అన్నీ ఆయన కుర్చీలోంచి లేవకుండానే జరిగిపోతాయి.

“తీసుకెళ్లింది కన్నబాబు కాదు,” అన్నాను. “ఇంకొకరి చేత తీసుకెళ్లించినవాళ్లు వేరే ఉన్నారు.”

ఎస్సై చిరాగ్గా చూశాడు. “ఎవరు?”

“హైమ వాళ్ల నాన్న.”

గదిలో రైటరు టైపు కొట్టడం ఆపేశాడు. మా ఆయన నవ్వారు. “రాత్రంతా నిద్రలేదు సార్. మతి చెడింది. పద, ఇంటికి పోదాం.” నా మోచెయ్యి పట్టుకున్నారు. ఎప్పుడూ పట్టుకునేచోటే.

“నాన్న నాకు పరీక్ష లేకుండా చేశాడు సార్,” అంది హైమ. “సూరన్నమావతో పంపించేడు. సూరన్నమావ నాన్నని బావా అంటాడు.”

ఎస్సై జన్నత్ బీ చెప్పిన మాటని మనసులో మళ్లీ చదువుకున్నట్టున్నాడు. కన్నబాబు కాళ్ల వైపు ఒకసారి చూసి చూపు తిప్పేసుకున్నాడు. కొత్త కాగితం తీశాడు.

“వాంగ్మూలం ఇస్తారా?”

“ఇస్తాను.”

“మీ అనుమానం ఎవరి మీద? పేరు చెప్పండి. ‘వాళ్ల నాన్న’ అని రాస్తే చెల్లదు. ఆయన పేరు నాకు తెలిసినా సరే, మీ నోటితోనే చెప్పాలి.”

నేను పక్కకి చూశాను.

పెళ్లయిన నాటి నుంచి ఆ పేరు నా నోట రాలేదు. మొగుడి పేరు పలికితే ఆయుష్షు తరుగుతుందని కాపురానికి వచ్చిన రోజే మా అత్తగారు చెప్పింది. రేషన్ కార్డు దగ్గర, ఆసుపత్రిలో, బడిలో, ఎక్కడ ఆయన పేరు అడిగినా నేను పక్కకి చూస్తాను. పక్కనున్నవాళ్లు చెబుతారు. కొన్నేళ్లుగా హైమ చెబుతోంది. లెక్కల టీచర్ని, వందమంది పిల్లల పేర్లు గడగడా పిలుస్తాను. ఆ ఒక్క పేరూ నా నాలుక మీదికి ఎక్కదు. దాన్ని భక్తి అనుకున్నాను ఒకప్పుడు. తరవాత అలవాటన్నాను. పేరు పెట్టి పిలవలేనివాణ్ణి తప్పు పట్టడం కూడా కుదరదని ఇన్నాళ్లూ తట్టలేదు.

మా ఆయన మొహంలో నవ్వు తిరిగి వచ్చింది. ఆయనకి తెలుసు, నేను చెప్పలేనని.

హైమ అలవాటుకొద్దీ నా బదులు చెప్పడానికి నోరు తెరిచింది. వద్దన్నట్టు దాని చెయ్యి నొక్కాను.

“గురునాథరావు,” అన్నాను. “రాసుకోండి. నా మొగుడు.”